పైన ఒక దారి, కింద ఇంకో దారి: సముద్రపు సుడులు, ప్రవాహాలు లోతుతో ఎలా మారతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

సముద్రం మ్యాపులో బాణం గుర్తులు చూసి "ప్రవాహం ఇటు పోతోంది" అనేస్తాం. ఆ బాణాలు చెప్పేది చాలావరకు పైపొర సంగతే. యాభై మీటర్లు దిగితే బాణం చిన్నదవుతుంది. ఇంకాస్త దిగితే పక్కకు తిరుగుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఎదురు తిరుగుతుంది. డిగ్రీ చదివే పిల్లలు, పడవలున్నవాళ్లు, తుపాను వార్త రాగానే ఫోన్ చేసే బంధువులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా బంగాళాఖాతం నుంచే తీసుకున్నాను.

సముద్రంలో సుడి అంటే పడవల్ని మింగే సుడిగుండమేనా?

కాదు. గోదావరి వరదలో చూసే సుడిగుండం కొన్ని మీటర్ల వెడల్పుంటుంది, మధ్యలో గుంట పడుతుంది, కాసేపట్లో మాయమైపోతుంది. సముద్ర శాస్త్రంలో సుడి అనేది 50 నుంచి 300 కిలోమీటర్ల వెడల్పున్న నీటి చక్రం. విశాఖ నుంచి కాకినాడ దాకా ఉన్న దూరమంతా ఒక్క సుడిలో పట్టేస్తుంది. చుట్టూ ఒక తిరుగు తిరగడానికి దానికి రోజులు, వారాలు పడుతుంది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు బతుకుతుంది. దాని నడిబొడ్డున పడవ ఆపుకుని టీ తాగినా సుడిలో ఉన్నామని తెలియదు.

కంటికి కనిపించనిది ఉందని ఎలా తెలుసుకున్నారు?

సముద్ర మట్టం ఎత్తు ద్వారా. సుడి మధ్యలో నీటి మట్టం అంచులతో పోలిస్తే 10, 20, 30 సెంటీమీటర్లు ఎక్కువో తక్కువో ఉంటుంది. 1992లో ఎగిరిన టోపెక్స్/పొసైడన్ ఉపగ్రహం రాడార్‌తో ఈ ఎత్తుల్ని కొన్ని సెంటీమీటర్ల తేడాతో కొలవడం మొదలుపెట్టాక, ప్రపంచంలోని సముద్రాలన్నీ సుడులతో నిండి ఉన్నాయని తేలింది. 2022 డిసెంబరులో వెళ్లిన స్వాట్ ఉపగ్రహం ఇంకా చిన్న సుడుల్ని కూడా పట్టుకుంటోంది.

ఎత్తు తెలిస్తే వేగం లెక్కకట్టవచ్చు. ఒంగోలు అక్షాంశం దగ్గర సముద్రంలో 100 కిలోమీటర్ల దూరంలో మట్టం 20 సెంటీమీటర్లు తేడా ఉందనుకోండి. ఎత్తు నుంచి పల్లానికి జారాలని చూసే నీటిని భూభ్రమణం కుడివైపుకు నెడుతుంది. ఈ రెండూ సమమయ్యేసరికి నీరు పల్లంలోకి జారకుండా వాలుకి అడ్డంగా, గట్టు చుట్టూ తిరిగినట్టు తిరుగుతుంది. వేగం సెకనుకు దాదాపు అర మీటరు వస్తుంది. అంటే తీరిగ్గా నడిచే మనిషి వేగం కన్నా తక్కువే. కానీ ఆ వేగంతో కదులుతున్నది వందల మీటర్ల లోతున్న నీరు.

ఉపగ్రహం చెప్పగలిగింది ఇంతవరకే. దాని కొలత పైమట్టానిది, దాన్నుంచి వచ్చే వేగమూ పైపొరదే. కింద ఏముందో తెలియాలంటే నీళ్లలోకి దిగాల్సిందే.

పైన నీళ్లు ఎటు పోతే కిందా అటే పోతాయి కదా?

సామాన్యంగా అందరూ అలాగే అనుకుంటారు. తప్పని ముందు కనిపెట్టింది జాలర్లు.

ఇస్తాంబుల్ మధ్యలోంచి వెళ్లే బాస్ఫరస్ జలసంధిలో పైనీళ్లు నల్ల సముద్రం నుంచి మర్మరా సముద్రం వైపు వస్తుంటాయి. లోతుకు దించిన వలలు మాత్రం ఎదురుదిశలో కొట్టుకుపోతున్నాయని అక్కడి జాలర్లకు ఎప్పటినుంచో తెలుసు. 1680 ప్రాంతంలో ఇటలీ యువకుడు లుయీజీ మర్సీలి వాళ్ల మాట నమ్మి, తెల్లరంగు వేసిన బెండు ముక్కలు కట్టిన తాడును నీళ్లలోకి దించాడు. పైముక్కలు ఒకవైపు, కింది ముక్కలు మరోవైపు వంగాయి. తర్వాత ఒక తొట్టెలో అడ్డుగోడ పెట్టి, ఒకవైపు ఉప్పునీళ్లు, ఇంకోవైపు తేలికైన నీళ్లు పోసి, గోడకు పైన ఒక కన్నం, కింద ఒక కన్నం తెరిచాడు. బరువైన నీళ్లు కింది కన్నంలోంచి అటు, తేలికైనవి పై కన్నంలోంచి ఇటు వచ్చాయి. నా లెక్కలో సముద్ర శాస్త్రంలో ఇంత చక్కటి ప్రయోగం ఇంకోటి లేదు.

ఇలాంటిదే 1952లో పసిఫిక్‌లో జరిగింది. భూమధ్యరేఖ దగ్గర పైనీళ్లు పడమరకు పోతుంటే, ట్యూనా చేపల కోసం లోతుకు వదిలిన గాలపు తాళ్లు తూర్పుకు కొట్టుకుపోతున్నాయి. అమెరికన్ శాస్త్రవేత్త టౌన్సెండ్ క్రామ్‌వెల్ దాన్ని వెతుక్కుంటూ వెళ్తే, సుమారు 100 మీటర్ల లోతున సెకనుకు మీటరుకు పైగా వేగంతో తూర్పుకు పరిగెత్తే మహానది లాంటి ప్రవాహం బయటపడింది. వేల కిలోమీటర్ల పొడవున్న ప్రవాహం పైకి ఏ గుర్తూ చూపకుండా అడుగున దాక్కుని ఉంది. హిందూ మహాసముద్రంలోనూ అలాంటిది ఉంది, అయితే ఏడాది పొడవునా ఉండదు. మన దగ్గర రుతుపవనాలు గాలి దిశ మార్చేస్తాయి కాబట్టి అది కొన్ని నెలలే కనిపిస్తుంది.

లోతుకు వెళ్లేకొద్దీ వేగం తగ్గేది రాపిడి వల్లేనా?

ఎక్కువమంది చెప్పే జవాబు అదే. పాఠాలు చెప్పేవాళ్ల నోట కూడా విన్నాను. పై కొన్ని పదుల మీటర్లలో, అడుగున నేలను ఆనుకుని ఉన్న పొరలో రాపిడి పాత్ర నిజమే. మధ్యలో ఉన్న వేల మీటర్ల నీటిలో రాపిడి లెక్కలోకి రానంత తక్కువ. అక్కడ ప్రవాహం తగ్గేది వేరే కారణంతో. దాన్ని తూకం వేసి చూపించవచ్చు.

ఇందాకటి సుడినే తీసుకుందాం. మధ్య బిందువు దగ్గర మట్టం 20 సెంటీమీటర్లు ఎక్కువ. చదరపు మీటరు మేర ఆ అదనపు నీటి బరువు సుమారు 205 కిలోలు. అంటే పైపొరలో చూస్తే మధ్యలో ఒత్తిడి ఎక్కువ, అంచున తక్కువ. ఆ ఒత్తిడి తేడాయే ప్రవాహాన్ని నడిపిస్తుంది.

ఇప్పుడు కిందికి దిగండి. ఇది వెచ్చటి సుడి కాబట్టి మధ్యలో వెచ్చటి, తేలికైన నీటి పొర మందంగా ఉంటుంది. అంచుతో పోలిస్తే 60 మీటర్లు ఎక్కువ మందం అనుకుందాం. ఆ 60 మీటర్ల మేర మధ్యలో తేలికైన నీరుంటే అంచున చల్లటి, బరువైన నీరుంటుంది. ఘనపు మీటరుకు 3.4 కిలోల తేడా వేసుకుంటే, 60 ఇంటూ 3.4, మొత్తం 204 కిలోలు. పైన మధ్యలో 205 కిలోలు ఎక్కువ, కింద అంచున 204 కిలోలు ఎక్కువ. రెండూ కొట్టేసుకున్నాయి. ఆ లోతు దాటాక మధ్యలోనూ అంచునా ఒకే ఒత్తిడి. నడిపించే తేడాయే లేనప్పుడు ప్రవాహం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంకో మాట. లోపలి పొరల తేడా 205 కిలోలను మించిపోతే ఏమవుతుంది? తక్కెడ అటువైపు మొగ్గుతుంది. ఒత్తిడి తలకిందులై కింద ఎదురు ప్రవాహం మొదలవుతుంది. తీర ప్రవాహాల కింద ఎదురు ప్రవాహం ఎందుకుంటుందో అడిగేవాళ్లకు ఇందులోనే చాలావరకు జవాబుంది. గణితంలో రాస్తే ఇదే థర్మల్ విండ్ సమీకరణం. వాతావరణంలో పైకి పోయేకొద్దీ గాలి మారే తీరు కోసం రాసినది కాబట్టి పేరులో విండ్ ఉంది, సముద్రానికీ అలాగే పనిచేస్తుంది.

ఇందులోంచే ఒక పనికొచ్చే గుర్తు వస్తుంది: పైన 10 సెంటీమీటర్ల ఉబ్బు కనిపిస్తే, లోపల చల్లటి నీటి పొర దాదాపు 20 నుంచి 30 మీటర్లు కిందికి దిగి ఉంటుంది. పైన మూరెడు కూడా లేని తేడా లోపల తాటిచెట్టు ఎత్తున ఉంటుందన్నమాట.

మరి గాలి? గాలి తోసిన నీళ్లు లోతుకు ఎలా పోతాయి?

నార్వే అన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1893లో తన ఓడ ఫ్రామ్‌ను ఆర్కిటిక్ మంచులో ఇరికించి దానితోపాటు కొట్టుకుపోయాడు. మంచు గాలి దిశలో కాకుండా ఎప్పుడూ కొంత కుడికి జరుగుతోందని గమనించాడు. ఎందుకో తేల్చమని స్వీడన్ కుర్రాడు ఎక్మన్‌కు అప్పజెప్పారు. పైపొర గాలికి కుడివైపు తిరుగుతుంది. అది తన కిందపొరను లాగితే ఆ పొర ఇంకాస్త కుడికి, ఇంకాస్త నెమ్మదిగా కదులుతుంది. అలా దిగేకొద్దీ బాణాలు మెట్లదారిలా మెలితిరుగుతూ చిన్నవైపోతాయి. పొరలన్నీ కలిపి చూస్తే నీరు మొత్తంగా గాలికి లంబంగా కుడివైపు కదులుతుంది. దక్షిణార్ధగోళంలో ఎడమవైపు. ఈ వ్యవహారమంతా కొన్ని పదుల మీటర్లలో, మహా అయితే వంద మీటర్లలోపు అయిపోతుంది.

మన తీరానికి దీని ఫలితం ఏమిటి? నైరుతి గాలులు ఆంధ్ర తీరానికి సమాంతరంగా ఈశాన్యం వైపు వీస్తాయి. నీరు కుడికి, అంటే తీరం నుంచి దూరంగా జరుగుతుంది. ఖాళీ అయిన చోట అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో అడుగు నీళ్లు పైకి రావడాన్ని కొలిచి చూపించారు. ఇక్కడి సముద్రపు అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణా అని పేర్లు వచ్చింది కూడా ఆయన పరిశోధనల వల్లే.

ఒక సుడి ఎంత లోతు వరకు ఉంటుంది?

ఈ ప్రశ్నకు ఒక్క అంకె చెప్పేస్తే నమ్మొద్దు. బంగాళాఖాతంలో చాలా సుడుల బలం పై 200–300 మీటర్లలోనే ఉంటుంది. కొన్ని ఇంకా కిందికి, వెయ్యి మీటర్ల దాకా ఆనవాలు చూపిస్తాయి. దక్షిణాఫ్రికా కొన దగ్గర అగుల్హాస్ ప్రవాహం నుంచి తెగిపడే భారీ వలయాలైతే అంతకన్నా లోతుకు దిగుతాయి.

"ఎంత లోతు వరకు తిరుగుతోంది" అనే దానికన్నా "ఎంత లోతు వరకు నీళ్లను మోసుకెళ్తోంది" అన్నది నా దృష్టిలో మంచి ప్రశ్న. సుడి ఒకచోట నిలబడదు. మన అక్షాంశాల్లో రోజుకు 5 నుంచి 10 కిలోమీటర్లు పడమరకు జరుగుతుంటుంది. పైన తిరుగుడు వేగం ఆ నడక కన్నా చాలా ఎక్కువ కాబట్టి లోపలి నీళ్లు బయటకు జారిపోలేవు. అందులోని ఉప్పు, వేడి, చేప గుడ్లు అన్నీ సుడితోపాటే ప్రయాణం చేస్తాయి. లోతు పెరిగేకొద్దీ తిరుగుడు తగ్గుతుంది. తిరుగుడు వేగం, నడక వేగం సమానమయ్యే లోతు ఒకటి వస్తుంది. దాని కింద సుడి ఒక అలలాగా దాటిపోతుందే తప్ప అక్కడి నీళ్లను వెంట తీసుకుపోదు. పైన బస్సు, కింద దాని నీడ.

ఇంకో చిక్కు కూడా ఉంది. సుడి నిటారుగా నిలబెట్టిన స్తంభంలా ఉండాలని లేదు. పైన కేంద్రం ఒకచోట, 500 మీటర్ల లోతున కేంద్రం పదుల కిలోమీటర్లు పక్కన ఉండొచ్చు. ఉపగ్రహ చిత్రంలో చూసిన కేంద్రం దగ్గరకే ఓడ తీసుకెళ్లి పరికరం దించితే, కింద అంచు తగలొచ్చు.

వెచ్చటి సుడి, చల్లటి సుడి అంటారు. తేడా ఏమిటి?

ఉత్తరార్ధగోళంలో గడియారం ముల్లు దిశలో తిరిగే సుడి మధ్యలో ఉబ్బి ఉంటుంది, వెచ్చటి నీటిని కిందికి నొక్కుతుంది. ఎదురు దిశలో తిరిగేదాని మధ్య పల్లంగా ఉంటుంది, చల్లటి నీళ్లు గోపురంలా పైకి లేస్తాయి. శ్రీలంకకు తూర్పున నైరుతి రుతుపవన కాలంలో ఏటా ఏర్పడే చల్లటి సుడికి శ్రీలంక డోమ్ అనే పేరే ఉంది.

పేరు చూసి పైన చెయ్యి పెడితే తేడా తెలుస్తుందనుకోకండి. బంగాళాఖాతంలో పైనీళ్లు రెంటిలోనూ 28–29 డిగ్రీలే ఉండొచ్చు. తేడా వంద మీటర్ల దగ్గర బయటపడుతుంది. ఒకే లోతున రెండు సుడుల మధ్య అయిదారు డిగ్రీల తేడా ఉండటం వింతేమీ కాదు.

బంగాళాఖాతం మిగతా సముద్రాలకన్నా వేరంటారు, ఎందుకు?

మంచినీళ్ల వల్ల. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోకే వస్తాయి, వాన అదనం. ఉత్తరాన వానాకాలం తర్వాత పైనీళ్లలో లవణీయత కిలోకు 30 గ్రాములకు దిగిపోతుంది. వంద మీటర్ల కిందికెళితే 35 దగ్గరకు వస్తుంది. మంచినీళ్లు తేలిక కాబట్టి పైన మూతలా కూర్చుంటాయి. గాలి ఎంత చిలికినా ఆ మూతను కింది నీళ్లతో కలపడం కష్టం.

ఈ మూత వల్ల రెండు విచిత్రాలు జరుగుతాయి. గాలి బలమంతా పల్చటి పైపొరకే దక్కుతుంది కాబట్టి పైన ప్రవాహం చురుగ్గా, దాని కిందే మందకొడిగా ఉంటుంది. కొన్ని మీటర్ల తేడాలో వేగం ఇంత మారే చోట్లు బంగాళాఖాతంలో మామూలే. రెండోది, శీతాకాలంలో ఉత్తరాన పైనీళ్లు చల్లబడినా బరువెక్కి మునిగిపోవు, ఉప్పు తక్కువ కదా. దాంతో పైన చల్లగా, 40–50 మీటర్ల కింద వెచ్చగా ఉండే తలకిందుల పరిస్థితి వస్తుంది. పాఠ్యపుస్తకంలో గీసే ఉష్ణోగ్రత గీతతో ఇక్కడికొచ్చినవాళ్లు మొదటిసారి కొలత చూసి పరికరం పాడైందనుకుంటారు.

వర్షాకాలం అయ్యాక ఈ మంచినీరు తీరం వెంట దక్షిణానికి దిగి వస్తుంది. సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున్న ఈ పట్టీని 2014లో వచ్చిన ఒక పరిశోధన "సముద్రంలో నది" అంది. దానికి ఆధారం ఖరీదైన ఓడలు కాదు. తూర్పు తీరం పొడవునా కొన్ని ఊళ్లలో మత్స్యకారులు క్రమం తప్పకుండా సీసాల్లో పట్టి ఇచ్చిన నీళ్లు.

మన తీరం వెంట ప్రవాహం ఏ నెలలో ఎటు పోతుంది?

ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అంటే చెన్నై వైపు నుంచి విశాఖ, ఒడిశా వైపు. మార్చి, ఏప్రిల్‌లో బాగా బలంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. రెండు సందర్భాల్లోనూ పైన వేగం సెకనుకు మీటరు అందుకుంటుంది. నడుమ రుతుపవన నెలల్లో ఒక్క తీరుగా ఉండదు, ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య సుడులతో ఉంటుంది.

ఇది పైన మాట. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తూర్పు తీరం వెంట లంగరు వేసిన కొలత పరికరాలు చెప్పే కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. పైపొర దక్షిణానికి పోతున్న రోజుల్లోనే కింద వంద, రెండు వందల మీటర్ల దగ్గర నీరు ఉత్తరానికి కదలడం తరచుగా కనిపిస్తుంది. పైన మంచినీరు మోసుకొచ్చే ప్రవాహం పల్చగా ఉండటం ఒక కారణం, తీరం పక్కనుంచి పోయే సుడులు ఇంకో కారణం. అందుకే "తూర్పు తీర ప్రవాహం దక్షిణానికి" అని రాసినప్పుడు ఎంత లోతున అన్నది కూడా రాయాలి.

పైకి ఏమీ కనిపించకుండా లోపలే తిరిగే సుడులు ఉంటాయా?

ఉంటాయి. మధ్యధరా సముద్రపు నీరు బాగా ఉప్పన. జిబ్రాల్టర్ దాటి అట్లాంటిక్‌లోకి రాగానే వాలు వెంట దిగిపోయి సుమారు 1000 మీటర్ల లోతున ఆగుతుంది. అక్కడ 50–100 కిలోమీటర్ల వెడల్పు, కొన్ని వందల మీటర్ల మందం ఉన్న ఇడ్లీ ఆకారపు సుడులుగా విడిపోతుంది. వీటిని మెడ్డీలు అంటారు. చుట్టూ ఉన్న నీటితో కలవకుండా రెండేళ్లకు పైగా తిరిగినవి కూడా ఉన్నాయి. బంగాళాఖాతంలో 2013 డిసెంబరులో కొలతలు తీసినప్పుడు ఇంత లోతున కాదుగానీ, పైపొరకు కాస్త కింద ఇలాంటిదే ఒకటి దొరికింది.

బాగా అడుగున నీళ్లు నిలిచి ఉంటాయి కదా?

1950ల వరకు పెద్దపెద్దవాళ్లే అలా అనుకున్నారు. సెకనుకు మిల్లీమీటర్లలో జరుగుతుంటాయని అంచనా. 1955లో బ్రిటన్‌కు చెందిన జాన్ స్వాలో అల్యూమినియం గొట్టాలతో ఒక తేలుడు పరికరం చేశాడు. దాని బరువును సరిచేస్తే అది అనుకున్న లోతున ఆగి, అక్కడి నీటితోపాటే కదులుతూ టిక్కు టిక్కుమని శబ్దం పంపుతుంది. 1957లో అమెరికా తూర్పు తీరం పక్కన పోయే గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహం కింద వదిలితే అది దక్షిణానికి పోయింది. పైన ప్రవాహం పోయేదేమో ఈశాన్యానికి. కింద ఎదురు ప్రవాహం ఉండాలని అమెరికన్ శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ కాగితం మీద ముందే చెప్పాడు.

ఆ తర్వాత 1959–60లో ఏరీస్ అనే ఓడతో బెర్ముడా దగ్గర నిదానంగా జరిగే అడుగు నీటిని వెంబడించాలని బయల్దేరారు. పరికరాలు ఊహించినదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా, కొన్ని వారాలకోసారి దిశ మారుస్తూ పోవడంతో ప్రణాళికే మార్చుకోవాల్సి వచ్చింది. లోతైన సముద్రంలో సుడులున్నాయని అక్కడే మొదటిసారి గట్టి ఆధారం దొరికింది.

ఇవన్నీ ఎలా కొలుస్తారు?

శబ్దంతో కొలిచే పరికరం ఏడీసీపీ. ఇది కీచుమని శబ్దం పంపి, నీళ్లలో తేలే సూక్ష్మజీవుల మీద తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. రైలు దూరమవుతుంటే కూత మారినట్టు ప్రతిధ్వని స్వరం మారుతుంది, దాన్నుంచి ఒక్కో పొరలో వేగం తెలుస్తుంది. ఒక లోపముంది. 300 మీటర్ల కింద కట్టి పైకి చూసేలా పెడితే, నీటిమట్టం నుంచే వచ్చే పెద్ద ప్రతిధ్వని వల్ల పై 20 మీటర్ల దాకా లెక్క నమ్మడానికి ఉండదు. బంగాళాఖాతంలో అసలు నాటకమంతా ఆ 20 మీటర్లలోనే!

ప్రపంచమంతా సుమారు నాలుగువేల ఆర్గో పరికరాలు తేలుతున్నాయి. ఒక్కోటి 1000 మీటర్ల దగ్గర కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. మన దేశపు ఆర్గో సమాచారాన్ని చూసేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార కేంద్రం. సముద్రం లేని ఊళ్లో సముద్ర కేంద్రమేమిటని నవ్వేవాళ్లకు చెప్పేదొకటే, ఈ పనికి కావాల్సింది బీచ్ కాదు, సర్వర్లు.

లోతుతోపాటు ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే సీటీడీ పరికరాన్ని ఓడ నుంచి దించడం మాత్రం చేతులతో చేసే పని. ఒకసారి ఏప్రిల్‌లో డెక్కు మీద చెప్పులు కరిగేంత ఎండ. చుట్టూ సీసాలు బిగించిన ఇనుప చట్రాన్ని క్రేను సెకనుకు మీటరు చొప్పున కిందికి వదులుతోంది. మొదట వైరు నిటారుగా ఉంది. వంద మీటర్లు దాటాక కాస్త వాలింది. ఓడ పైనీళ్లతో జరుగుతోంది, చట్రం కింది నీళ్లలో వెనకబడుతోంది. వించి దగ్గరున్నాయన ఏ తెరా చూడకుండానే "కింద వేరే లాగుతోంది సార్" అన్నాడు. గంటన్నర తర్వాత పైకొచ్చిన సీసా కుళాయి తిప్పితే 2000 మీటర్ల నీళ్లు, మూడు డిగ్రీలు, వేళ్లు జివ్వుమన్నాయి. చట్రానికి కట్టి పంపిన థర్మాకోల్ కప్పు కింది ఒత్తిడికి నలిగి బొమ్మల పెళ్లి గ్లాసంత అయింది. అది ఇప్పటికీ నా బల్ల మీదుంది.

తుపాన్లకు, సుడులకు సంబంధం ఏమిటి?

తుపాను తన గాలితో సముద్రాన్ని చిలికి అడుగు నీళ్లను పైకి తెస్తుంది. అవి చల్లగా ఉంటే తుపాను తన ఇంధనాన్ని తానే తగ్గించుకుంటుంది. వెచ్చటి సుడి మీదకొస్తే ఎంత చిలికినా వెచ్చటి నీళ్లే పైకొస్తాయి. 2008లో నర్గీస్ తుపాను మయన్మార్ తీరం చేరేముందు వేగంగా బలపడటానికి దారిలో ఉన్న మందమైన వెచ్చటి నీటి పొర తోడ్పడింది. ఆ తుపానులో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి 1,30,000 మందికి పైనే. 2005లో అమెరికాను తాకిన కత్రినా తుపాను కూడా మెక్సికో సింధుశాఖలో ఇలాంటి వెచ్చటి నీటి మీదుగానే వెళ్లింది.

కాబట్టి తుపాను వార్తలో "సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు" అని వింటే సగమే విన్నట్టు. 26 డిగ్రీల నీరు ఎంత లోతు వరకు ఉందో కూడా తెలియాలి. 40 మీటర్లా, 100 మీటర్లా అన్నదాన్ని బట్టి కథ మారిపోతుంది. ఆ వేడి నిల్వ మ్యాపుల్ని ఇన్‌కాయిస్ ఇస్తుంది.

చేపలకు?

చల్లటి సుడి కింది పోషకాలను వెలుతురు పడే లోతుకు ఎత్తుతుంది. అక్కడ నాచు లాంటి సూక్ష్మ మొక్కలు పెరుగుతాయి, వాటివెంట చిన్న చేపలు, వాటివెంట పెద్దవి. మంచినీటి మూత వల్ల పోషకాలు పైకి రాలేని బంగాళాఖాతానికి ఈ సుడులే పెద్ద దిక్కని గోవా శాస్త్రవేత్తలు 2004 నుంచి చెబుతున్నారు. అయితే పోషకాలు మూత కిందే ఆగిపోతే, పచ్చదనం 50 మీటర్ల లోతున పెరిగి ఉపగ్రహానికి కనిపించకుండా పోవచ్చు.

విశాఖ ఆర్‌కే బీచ్‌లో మనుషుల్ని లోపలికి లాగేది ఈ సుడులేనా?

కాదు. అది అలలు తెచ్చిన నీరు ఒక సన్నటి దారిలో వెనక్కి పోవడం. పదుల మీటర్ల వ్యవహారం. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.

సముద్రంలో పడిపోయిన వస్తువు ఎటు పోతుందో చెప్పగలరా?

తేలుతోందా, సగం మునిగిందా, పూర్తిగా మునిగిందా అని ముందు అడుగుతాను. బాగా తేలేదాన్ని గాలి కూడా తోస్తుంది. సగం మునిగింది పై మీటరు నీటితో పోతుంది. పూర్తిగా మునిగింది ఒక్కో పొరలో ఒక్కో దిశకు తోయబడుతూ అడుగు చేరుతుంది. 2014 మార్చిలో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్ 370 రెక్క ముక్క 2015 జూలైలో రీయూనియన్ దీవిలో దొరికింది. అది తేలే ముక్క కాబట్టి పై ప్రవాహాల లెక్కతో దాని దారిని వెనక్కి వెతకగలిగారు. అడుగున ఉన్న భాగాల గురించి ఆ లెక్క నేరుగా ఏమీ చెప్పదు.

ఇంట్లో పిల్లలకు చూపించే మార్గం ఉందా?

మర్సీలి ప్రయోగమే చేయండి. పొడుగాటి గాజు ట్రే తీసుకుని, మధ్యలో ప్లాస్టిక్ కవర్ చుట్టిన అట్టముక్కను బిగుతుగా నిలబెట్టండి. ఒకవైపు మామూలు నీళ్లు, ఇంకోవైపు మూడు నాలుగు చెంచాల ఉప్పు, కాస్త నీలం సిరా కలిపిన నీళ్లు ఒకే ఎత్తున పోయండి. పసుపు వద్దు, కరగదు, అడుగుకు దిగిపోయి మోసం చేస్తుంది. అట్టను మెల్లగా పైకి లాగి పక్కనుంచి చూడండి. నీలం నాలుకలా అడుగున జారుకుంటూ పోతుంది, మామూలు నీళ్లు దానిమీదుగా ఎదురొస్తాయి. పైన చిటికెడు మిరియాల పొడి చల్లితే అది ఎదురు దిశలో నడుస్తుంది.

ఈ రోజు బంగాళాఖాతంలో సుడులు ఎక్కడున్నాయో చూడాలంటే?

ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో సముద్ర స్థితి అంచనాల కింద ప్రవాహాల మ్యాపులు ఉంటాయి. సముద్ర మట్టపు ఎత్తు తేడాల మ్యాపు దొరికితే ఇంకా మంచిది. ఎర్ర మచ్చలు ఉబ్బు, నీలం మచ్చలు పల్లం. బాణాలు ఎర్ర మచ్చ చుట్టూ గడియారం దిశలో, నీలం చుట్టూ ఎదురు దిశలో తిరుగుతున్నాయో లేదో చూసుకోండి. లోతు ఎంచుకునే మెనూ ఉన్న మ్యాపు అయితే ముందు 0 మీటర్లు, తర్వాత 50, 100, 200 నొక్కండి. ఒకే మచ్చ దగ్గర వేలు పెట్టి ఉంచండి. అక్టోబరు చివర్లో అయితే విశాఖ ఎదుటే బాణం తిరగడం కనిపించే అవకాశం ఎక్కువ.